కోరుట్ల దాటినాక నిండిన ట్యాంకు

ఈమధ్య మా వాడలో ఇద్దరు యువకులు ఇల్లులాంటి మోటారు బండి ఒకటి అద్దెకు తీసుకుని, కుటుంబాలతో పదిరోజులు ఊళ్ళు తిరిగి వద్దామనుకుని, నా సలహా కోసం వచ్చారు. అందులో మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, స్నానాల గది అన్నీ ఉన్నాయట. ఫోనులో బొమ్మలు చూపించారు. "మంచాల సంగతి తర్వాత. ముందు బండి కిందికి వంగి పాయఖానా ట్యాంకు మీట ఎక్కడుందో చూసుకోండి. మీ చేత్తో ఒకసారి తెరిచి మూసి, అప్పుడు బయలుదేరండి" అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చాయ్ తాగి, దండం పెట్టి వెళ్ళిపోయారు. పెద్దాయనకు చాదస్తం పెరిగిందనుకుని ఉంటారు. వాళ్ళకు ఎదురుగా చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

అలాంటి బండిలో నేను పదకొండేళ్ళు బతికాను. విహారానికి కాదు, ఉద్యోగానికి. జగిత్యాలలో ఒక ధర్మాసుపత్రి ఉండేది. బీదవాళ్ళకు కంటి ఆపరేషన్లు ఉచితంగా చేసేవారు. ఎవరో దాత విదేశాల్లో వాడి వదిలేసిన బండిని తెప్పించి ఆసుపత్రికి ఇచ్చాడు. వెనక గదిని కంటి పరీక్షకు, మందులకు వాడుకునేవాళ్ళం. మధ్యలో వంటమూల, దాని పక్కనే కుర్చీలాంటి పాయఖానా. ముందు భాగంలో పైనొకటి కిందొకటి మంచాలు, ఇటు నాలుగు సీట్లు. సోమవారం బయలుదేరితే శనివారానికి తిరిగి చేరేవాళ్ళం. మల్లాపూర్, బుగ్గారం, గొల్లపల్లి, కోరుట్ల, అటు సిరిసిల్ల దాకా తిరిగి, పొర కమ్మిన కళ్ళను వెతికి ఆసుపత్రికి తీసుకురావడం, ఆపరేషన్ అయ్యాక ఇంటి దగ్గర దింపడం మా పని.

నేను ఎవరి మనవణ్ణో కూడా చెప్పాలి. లేకపోతే ముందు రాయబోయేది మీకు అర్థం కాదు. మా తాత దొర. ఆయనకు ఊరి నడుమ కోటలాంటి గడి ఉండేది. మా చుట్టుపక్కల ఊళ్ళు చూసిన మొదటి మోటారు కారు మా గడి ముందే ఆగింది. నాకు పదేళ్ళు వచ్చేసరికి కారు లేదు. ఇరవై వచ్చేసరికి గడి లేదు, దూలాలు ఊడదీసి అమ్ముకున్నాం. నా వాటాకు మిగిలింది వెన్ను వంచకుండా కూర్చోవడం, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకోవడం, ఎవరినీ ఏదీ అడగకపోవడం. చదువు ఇంటర్‌తో ఆగింది. చేతిలో ఉన్న విద్య మోటారు నడపడం ఒక్కటే కనుక దాన్నే పట్టుకున్నాను. అయినా డ్రైవర్‌నని ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్ళతో "ఆసుపత్రి బండి నా చేతికింద ఉంది" అనేవాణ్ణి. పెళ్ళిళ్ళలో కూడా అదే మాట.

బండిలో నాతో ఇద్దరుండేవారు. కంటి పరీక్ష చేసే ఆయన జగిత్యాల మనిషి. మేమంతా భాయ్ అనేవాళ్ళం. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడట, ఆ సన్నపు పనితనం ఈయన వేళ్ళలోకి వచ్చింది. ఇంట్లో ఉర్దూ, బయట అచ్చం మా తెలుగు. మా గడి కథ విన్న రోజు చాయ్ ఊదుకుంటూ, "సాబ్, మీ తాతకు గడి ఉండె, మీకు గాడీ ఉన్నది. రెండు దీర్ఘాలు ఎక్కువనే దొరికినయి గద. నుక్సాన్ ఏముంది?" అన్నాడు. ఇంకొకరు ఆ మాట అని ఉంటే బండి ఆపి దింపేసేవాణ్ణి. భాయ్ అన్నందుకు మాత్రం నవ్వు కనబడకుండా పక్క అద్దం సర్దుకున్నాను.

రెండో మనిషి సిస్టర్. గొల్లపల్లి వైపు నుంచి వచ్చింది. భర్త పోయి, పిల్లలు స్థిరపడ్డాక, ఈ తిరుగుడు ఉద్యోగాన్ని తనే అడిగి తీసుకుంది. మందుల గదిలో లోపల గడియ పెట్టుకుని పడుకునేది. మొదటి రోజే మా ఇద్దరినీ నిలబెట్టి, "నేను సూదులు ఏసుడుకు అచ్చిన, పప్పుల పోపు ఏసుడుకు కాదు. ఎవలు వండుతరో మీరే అనుకోండ్రి" అని చెప్పింది. వంట భాయ్ చేతికి వెళ్ళింది. నేను మాత్రం నా కంచం, నా గ్లాసు వేరుగా పెట్టుకుని, స్టీరింగు ముందు నా సీట్లో ఒక్కణ్ణే కూర్చుని తినేవాణ్ణి. భాయ్ ఎప్పుడూ ఏమీ అడగలేదు. సిస్టర్ ఒకసారి, "సార్, మాతోని కూసుంటె మీకు అరగదా?" అంది. గాలికోసం అన్నాను. "ఫ్యాను మాదిక్కే ఉన్నది గద" అంది.

నడిచే ఇంట్లో కాపురం ఎలా ఉంటుందో ఉండి చూడాల్సిందే. స్పీడ్ బ్రేకర్ కనబడకపోతే ఆ పూట పప్పు నేలమీద ఉండేది. ఒకసారి మలుపులో ఫ్రిజ్ తలుపు తెరుచుకుని టమాటాలన్నీ ముందుకు దొర్లాయి. ఒకటి బ్రేకు కింద చేరింది. బండి ఆగింది కానీ నా బూటు సంగతి చెప్పను. మల్లాపూర్‌లో మా బండిని ఏటీఎం అనుకుని జనం వరస కట్టారు. బుగ్గారంలో ఒక ముసలాయన పొద్దంతా గట్టుమీద కూర్చుని, సాయంత్రం మేం తలుపులు వేస్తుంటే, "సినిమా ఎయ్యకుంటనే పోతుండ్రా?" అని నొచ్చుకున్నాడు. గొల్లపల్లిలో ఒక మేక మెట్లెక్కి లోపలికి వచ్చి, కంటి పరీక్ష అట్టలో అడుగున ఉన్న రెండు వరసలు తినేసింది. భాయ్ ఆ అట్టను తిప్పి తిప్పి చూసి, "అన్నిట్లకు సన్నటి అక్షరాలే తిన్నది సాబ్. దీని చూపుకు ఢోకా లేదు" అన్నాడు.

ఆ తర్వాత ఉద్యమం ఉధృతమైంది. ఇవాళ రాస్తారోకో, రేపు బంద్, ఎల్లుండి రోడ్డుమీదే వంటావార్పు. తెలంగాణ రావాలని నాకూ ఉండేది. కానీ జెండా పట్టుకుని రోడ్డుమీద నిలబడి అరవడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. మేం చాయ్ తాగి వచ్చేసరికి మా నంబరు ప్లేటు మీద మొదటి రెండు అక్షరాలు, ఏపీని టీజీగా ఎవరో మార్చేవారు. నేను తుడిచేవాణ్ణి. మళ్ళీ మార్చేవారు. మూడోసారికి గుడ్డ మడిచి లోపల పెట్టేశాను.

ఆ రోజుల్లోదే ఒక సంగతి చెబితే నా తల ఎంత ఎత్తున ఉండేదో మీకు తెలుస్తుంది. కోరుట్ల బజారు దాటి సిరిసిల్ల దారి పట్టాం. ఆ రోజు ప్రతి ఊళ్ళో జనం మా బండిని చూసి లేచి నిలబడుతున్నారు, చేతులు ఊపుతున్నారు. రాళ్ళు పెట్టిన చోట వాళ్ళే రాళ్ళు తీస్తున్నారు. ఒకాయన దండం పెట్టాడు. ఇంతకాలానికి మా తాతను గుర్తుపట్టే మనుషులు దొరికారనుకున్నాను. ఆయనలాగే గడ్డం కొంచెం కిందికి దించి, ఒక్కొక్కరికీ తల పంకిస్తూ నడిపాను. భాయ్ వెనకనుంచి, "ఇంత ఇజ్జత్ ఎందుకిస్తుండ్రు సాబ్?" అని అడిగితే, "కొన్ని ఇండ్ల పేర్లు అంత తొందరగా పోవు" అన్నాను. చాయ్ కోసం ఆగినప్పుడు భాయ్ కిందికి దిగి, బండి పైకి చూసి, నన్నూ దిగి రమ్మని చేయి ఊపాడు. కోరుట్ల బజారులో అడ్డంగా కట్టిన ఉద్యమం బ్యానరు మా పైకప్పు మీది ఏసీ పెట్టెకు తగులుకుని, వెనక తోకలాగా ఎగురుతూ పాతిక కిలోమీటర్లు వచ్చింది. సిస్టర్ ఆ రోజు తిన్న బిస్కెట్ గొంతులో అడ్డం పడి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది.

ఇక ట్యాంకు సంగతి. బండి కింద, పాయఖానాకు సరిగ్గా అడుగున ఒక ట్యాంకు ఉండేది. ఆదివారం ఆదివారం ఆసుపత్రి దగ్గరికి ఒక మనిషి వచ్చి, పైపు తగిలించి, మీట లాగి, దాన్ని ఖాళీ చేసి వెళ్ళేవాడు. అతను వచ్చే సమయానికి నేను అవతలివైపు నిలబడి టైర్లు చూసుకునేవాణ్ణి. సమ్మెల మూలంగా అతను మూడు వారాలు రాలేదు. "మనమే తీద్దాం సాబ్, ఏముంది?" అన్నాడు భాయ్. అది నా పని కాదన్నాను. "మరి ఎవలిది?" అంది సిస్టర్. ఎవరో ఒకరు వస్తారన్నాను. గడిలో పుట్టినవాడికి ఆ మాట నోటికి తేలిగ్గా వస్తుంది. ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చేవారు కదా.

ఆ వారం ఆపరేషన్లు అయిన మర్నాడు, వరసగా మూడు రోజులు బంద్ అని తెలిసింది. ఆసుపత్రిలో చిక్కుకుపోతే పేషెంట్లకు తిండి కూడా కష్టమని, పొద్దున్నే ఇళ్ళకు చేర్చమన్నారు డాక్టరు. కంటి పట్టీలు మర్నాడు పొద్దున వాళ్ళ ఇళ్ళ దగ్గరే సిస్టర్, భాయ్ విప్పి చూడాలి. అందాకా ఎవరూ తల వంచకూడదు, గొంతుక్కూర్చోకూడదు, ముక్కకూడదు, కళ్ళలో దుమ్మూ పొగా పడకూడదు. ఈ నాలుగు మాటలూ డాక్టరు మాకు మూడుసార్లు చెప్పారు.

కోరుట్లలో ఇద్దర్ని దింపాం. సిరిసిల్ల వాళ్ళు నలుగురు మిగిలారు. ముగ్గురు మరమగ్గాల మీద పనిచేసినవాళ్ళు, ఒక అవ్వ. మగవాళ్ళకు ఒక కంటికి పట్టీ ఉన్నా రెండో కన్ను ఉంది. అవ్వకు లేదు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను అప్పుడే పోయింది. ఉన్న ఒక్కదానిమీదా పట్టీ ఉంది. ఆమె బీడీలు చుట్టి బతికే మనిషి. బండి ఎక్కినప్పటినుంచి తన గోడు సిస్టర్‌కు చెబుతూనే ఉంది. "ఆకు కత్తిరిచ్చుడు చేతికెరుక బిడ్డా. దారం కట్టుడుకే కన్ను గావాలె. నేను జేసినయి సగం ఏరి అవుతల వారేస్తుండ్రు. గీ కన్ను గిట్ల రాకపోతె ఇగ ఆకే ఇయ్యనన్నడు బీడీల సేటు. ఇంట్ల ఇంకెవలున్నరు నాకు?" ఆ కన్ను వస్తుందని డాక్టరు నమ్మకంగానే చెప్పారని సిస్టర్ ఆమె అరచేయి పట్టుకుని మళ్ళీ మళ్ళీ చెప్పింది.

కోరుట్ల దాటి పది పన్నెండు కిలోమీటర్లు వెళ్ళామో లేదో రోడ్డుమీద జనం. ఒక యువకుడు చేయి అడ్డం పెట్టి, "ఏయ్ డ్రైవరూ, బండి పక్కకు వెట్టు. ఎటు వోతున్నరు?" అన్నాడు.

బండిమీద కంటి ఆసుపత్రి అని రాసి ఉంది. కానీ అది ఖాళీగా కూడా తిరుగుతుందని అందరికీ తెలుసు. తెరలు వేసిన కిటికీల వెనక పట్టీలు కట్టుకున్నవాళ్ళు ఉన్నారని బయటికి కనబడదు. "లోపల పేషెంట్లున్నరు" అన్న ఒక్క మాట చాలు. నాకు మాత్రం ‘ఏయ్ డ్రైవరూ’ అన్నదే వినబడింది. అద్దం సగం దించి, "మర్యాదగ మాట్లాడు. ఎవలతోని మాట్లాడుతున్నవో ఎరుకనా?" అని మా ఊరి పేరు, గడి పేరు, తాత పేరు మూడూ చెప్పాను.

అతను కోపగించుకోలేదు. వెనక్కి తిరిగి, "అరేయ్, దొర అచ్చిండు. కుర్సీ ఎయ్యుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. "దొరా, ఇన్నేండ్లు మీకు తొవ్వ ఇచ్చుకుంటనే ఉన్నం. ఇయ్యాల జర మా కోసం ఆగుండ్రి. వంటయినంక పిలుస్తం."

నేను అద్దం ఎక్కించాను. బండి పక్కకు పెట్టాను.

"ఏమన్నరు?" అంది సిస్టర్ లోపలినుంచి.

"ఆగమన్నరు."

"పేషెంట్లున్నరని చెప్పిండ్రా?"

నేను స్టీరింగు చూస్తూ కూర్చున్నాను. ఆమె ఒక్క క్షణం నా వీపు చూసి ఉంటుంది. చెప్పులు వేసుకుని దిగి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేలోపు మూడు ట్రాక్టర్లు వచ్చి రోడ్డుకు అడ్డంగా ఆగాయి. గంగాళాలు దిగాయి, బియ్యం దిగాయి, రాళ్ళు పేర్చి పొయ్యిలు వెలిగించారు. మా వెనక లారీలు, జీపులు, ఆటోలు వరసకట్టాయి. ఆ యువకుడే సిస్టర్ వెంట వచ్చాడు. ఇబ్బంది పడుతూ, "ముందుగాల చెప్తె ఇడిచిపెడ్తుంటిమి గదమ్మా. గిప్పుడు ఎసరు వెట్టిండ్రు, ఎటూ తియ్యరాదు" అన్నాడు. నా వైపు చూడలేదు. చూడకపోవడమే నయమనిపించింది.

పొగ రాకుండా కిటికీలన్నీ బిగించి ఏసీ వేశాం. గంట అనుకున్నది రెండు గంటలైంది. పదకొండు దాటాక పాయఖానా తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. మగవాళ్ళు ముగ్గురూ అప్పటికే వెళ్ళి వచ్చారు. అవ్వ పొద్దుటినుంచి సిగ్గుకొద్దీ బిగబట్టుకుని కూర్చుంది. ఇక తప్పక సిస్టర్ చెవిలో చెప్పింది. సిస్టర్ లోపలికి వెళ్ళి చూసి, తలుపు మూసి వచ్చింది.

"నిండింది. నీళ్ళు మీదికస్తున్నయి."

అవ్వే మాట్లాడింది. "దానికేంది బిడ్డా, చెయ్యి వట్టుకో, చెల్కలకు వోత."

"చెల్కల ఎట్ల కూసుంటవ్ అవ్వా? కింద కూసుంటె కంటి మీద జోరు వడ్తది. కన్ను వోతది."

"ఎంతసేపని ఆగుదు మరి?"

భాయ్ లేచి చొక్కా చేతులు పైకి మడవడం మొదలుపెట్టాడు. "నేను దిగుత" అన్నాడు. సిస్టర్ అతని మణికట్టు పట్టుకుని ఆపింది. "గా చేతులతోని రేపు పొద్దున పట్టీ ఎట్ల ఇప్పుతవ్?"

"సబ్బు పెట్టి కడుక్కుంట."

"ఏడుసార్లు కడుగు. నేనైతె ముట్టనియ్య. నేనూ ముట్ట."

భాయ్ తన రెండు చేతులూ తిప్పి చూసుకుని, నా వైపు తిరిగాడు. "సాబ్, గీ బండ్లె ఆరు చేతులున్నయి. నాలుగు కండ్ల కాడికి వోయేటియి." అంతటితో ఆపేశాడు. అతను మిగతాది అనలేదు. నా జీవితంలో నాతో అంత మర్యాదగా ఎవరూ మాట్లాడలేదనిపిస్తుంది ఇప్పుడు తలచుకుంటే.

నేను దిగాను. పొయ్యిల దగ్గర ఆ యువకుడు కట్టెలు సర్దుతున్నాడు. చుట్టూ యాభై మంది ఉంటారు. "గడ్డపార, పార కావాలె" అన్నాను.

"ఏమిటికి దొరా?"

"గుంత తవ్వాలె."

"ఏం గుంత?"

గొంతు తగ్గించి చెప్పవచ్చు. కానీ జనం గోలలో వినబడదు, రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది. "పాయఖానా ట్యాంకు నిండింది. లోపల ఒక అవ్వ ఉన్నది. ఆపరేషన్ నిన్ననే అయింది. కింద కూసుంటె కన్ను వోతది. ఆమెకున్నది ఒక్క కన్నే."

"మరి ట్యాంకు ఎవలు తీస్తరు?"

"నేనే. బండికి డ్రైవర్‌ను నేను."

ఆ మాట నా నోట రావడం అదే మొదలు. ఆకాశం ఏమీ విరిగిపడలేదు. ఒకామె గంటె గంగాళం అంచుకు ఆనించి, "వంట కాడ గదేం పనయ్యా? అటు దూరం తీస్కపోండ్రి" అంది. ఇంకొకామె, "ఊకో అక్కా, ముసల్ది ఎంతసేపని ఆపుకుంటది?" అంది. ఆ తర్వాత ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. వెనక ఉన్న ఆటోలను, జీపులను ఒక్కొక్కటే నెట్టించి చోటు చేశారు. నేను బండిని యాభై గజాలు వెనక్కి తీసి, రోడ్డు పక్కనున్న చెలక చేను అంచున, గాలి పొయ్యిల మీదికి వెళ్ళని చోట నిలబెట్టాను. గుంత తవ్వుతుంటే ఆ యువకుడు వచ్చి పార తీసుకోబోయాడు. ఇవ్వలేదు. గడ్డపార మాత్రం అతనికి ఇచ్చాను. ఇద్దరం నడుము లోతు తవ్వాం.

గుంతలోకి పైపు వేసి, గోనెసంచి పరుచుకుని, బండి కింద వెల్లకిలా పడుకున్నాను. మీట దొరికింది. లాగితే కదల్లేదు. రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగినా కదల్లేదు. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. దసరాకు బండి అడుగుభాగం కూడా మెరవాలని దగ్గరుండి తెల్లరంగు వేయించాను. మీట మీద, మీట కదిలే గాడిలో కూడా రెండు పూతలు వేయించాను. ఆదివారం వచ్చే మనిషి ఆ తర్వాత రానే లేదు. నేను ముట్టుకోనే లేదు. రంగు రాయిలాగా బిగిసిపోయింది.

"ఏమయింది దొరా?" అని ఒక తల నా పక్కకు వంగింది. నలభై అయిదేళ్ళ గీత కార్మికుడు. ఆ రోజు ఒక్కో కులవృత్తి వాళ్ళు తమ పనిముట్లతోనే వచ్చారు. అతని నడుముకు మోకు, కత్తులపొది ఉన్నాయి.

"రంగు బిగిసింది. నీ కత్తి ఇయ్యి, గీకుత."

"కత్తి ఇయ్య" అన్నాడు. "గీత కత్తి ఇంకొకల చేతికియ్యం. జరుగు, నేనే గీకుత."

మోకు విప్పి పక్కన పెట్టి, నా పక్కనే మట్టిలో పడుకున్నాడు. మా ఇద్దరి భుజాలూ ఆనుకున్నాయి. చెట్టు మెడను గీసినట్టు, సన్నగా, పొర మీద పొర తీయడం మొదలుపెట్టాడు. రంగు పెళుసులు నా మొహం మీద రాలుతున్నాయి. కొంతసేపటికి, కత్తి ఆపకుండానే, "మా నాయిన మీ గడికి దినాం కల్లుకుండ వోసిండు" అన్నాడు.

ఆ కుండకు మా తాత ఏమీ ఇచ్చేవాడు కాదని నాకు తెలుసు. "ఎన్నేండ్లు?" అన్నాను.

"ఆయినె చెట్టెక్కినన్ని ఏండ్లు."

మట్టిలో పడుకుని, ముక్కుమీద రెండడుగుల ఎత్తులో ఊరందరి పాయఖానా పెట్టుకుని, "ఆయినె ఉన్నడా?" అన్నాను. "ఉన్నడు. చెవులు వినరావు. గీ ముచ్చట చెప్తె నమ్మడు" అన్నాడు, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. "ఇగ లాగు."

ఇద్దరం కలిసి లాగాం. మీట ఒక్కసారిగా వచ్చేసింది. పైపు బిగింపు కూడా దానితోపాటే వచ్చేసింది. అతను చెట్లెక్కే మనిషి, ఒక్క దొర్లు దొర్లి అవతలికి వెళ్ళాడు. నేను దొర్లడం నేర్చుకోలేదు.

నేను బయటికి వచ్చినప్పుడు జనం నాలుగడుగులు వెనక్కి జరిగారు. చొక్కా రంగు గురించి రాయను. సిస్టర్ మెట్లమీద నిలబడి కొంగుతో ముక్కు మూసుకుని, మొదట నా వెనక ట్యాంకు వైపు చూసి, "ఖాళీ అయిందా?" అంది. అయిందన్నాను. లోపలికి తిరిగి, "అవ్వా, రా" అంది. ఆ తర్వాతే ఎవరో నవ్వారు. నవ్వింది మొదట నేనే అని భాయ్ తర్వాత చాలామందికి చెప్పాడు. నాకు గుర్తులేదు. ఆ యువకుడు డ్రమ్ములోంచి బకెట్లకొద్దీ నీళ్ళు తెచ్చి నామీద పోశాడు. ఎవరో తువ్వాల ఇచ్చారు, ఎవరో లుంగీ ఇచ్చారు.

లోపల అవ్వ కుర్చీమీద నిటారుగా కూర్చుని, తల వంచకుండా, ముక్కకుండా తన పని చూసుకుని వచ్చింది. తలుపు బయట సిస్టర్, "నెమ్మదిగ, తొందర లేదు అవ్వా" అంటూనే ఉంది.

వంట అయింది. రోడ్డుమీద బారుగా విస్తళ్ళు వేశారు. "డ్రైవర్ సాబ్, రాండ్రి" అని పిలిచారు. నా కంచం బండిలో ఉంది. తెచ్చుకుందామని అనిపించలేదు. లుంగీ, తువ్వాలతో తారురోడ్డు మీద కూర్చున్నాను. ఒక పక్క భాయ్, ఒక పక్క గీత కార్మికుడు. పప్పు, అన్నం, పచ్చిపులుసు. భాయ్ నా విస్తరిలోకి చూసి, "గాలి వస్తున్నదా సాబ్?" అని మాత్రం అడిగాడు.

సాయంత్రం నాలుగు దాటాక దారి ఇచ్చారు. సిరిసిల్ల చేరి నలుగురినీ ఇళ్ళకు చేర్చాం. మేం అవ్వ ఇంటి సందు చివరే బండి పెట్టుకుని ఉన్నాం. ఆ పూట నేను చేతులు ఆరుసార్లు కడిగాను. సబ్బు బిళ్ళ సగమైంది. సిస్టర్ కొత్త బిళ్ళ ఇచ్చింది. నిద్ర మాత్రం పట్టలేదు. దారిలో ఎక్కడైనా అవ్వ వంగిందా, గతుకుల్లో కంటికి దెబ్బ తగిలిందా, ఆ నాలుగైదు గంటల బిగబట్టడం వల్ల ఏమన్నా అయిందా అని ఒకటే ఆలోచన. నేను అద్దం దించి ఒక్క మాట చెప్పి ఉంటే పొద్దున పదికే ఆమె ఇంట్లో ఉండేది. ఆ కన్ను పోతే అది డాక్టరు ఖాతాలోకి రాదు, బంద్ ఖాతాలోకీ రాదు.

తెల్లవారాక ముందు మగవాళ్ళ పట్టీలు విప్పారు. ముగ్గురికీ బాగానే ఉంది. చివరికి అవ్వ. ఇంటి ముందు పీటమీద కాదు, కుర్చీమీదే కూర్చోబెట్టింది సిస్టర్. పక్కన ఆసుపత్రికి రాకముందు కత్తిరించి పెట్టిన తునికాకు చాటలో ఉంది. సిస్టర్ పట్టీ తీసి, తడి దూదితో రెప్పలు తుడిచింది. భాయ్ టార్చి పట్టుకుని కుర్చీ పక్కన వంగి, రెప్ప మీద వేలు పెట్టాడు. చాలాసేపు చూశాడు. నాకు అతని మొహం కనబడలేదు.

"సాబ్, జర ముందట నిలబడుండ్రి. నాలుగడుగుల దూరం. ఏళ్ళు చూపెట్టుండ్రి."

నేను నిలబడ్డాను. చేయి ఎత్తి మూడు వేళ్ళు చూపించాను.

"అవ్వా, ఎన్ని ఏళ్ళు గనవడ్తున్నయి?" అన్నాడు భాయ్.

అవ్వ కన్ను తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. నీళ్ళు కారాయి. సిస్టర్ తుడవబోతే చేయి అడ్డం పెట్టింది. కొంచెం ముందుకు జరిగి, ఆకులో పురుగును వెతికినట్టు నా చేతివైపు చూసింది.

"మూడు" అంది. తర్వాత, "నడిమి ఏలు గోట్ల మట్టున్నది కొడుకా" అంది.

చూసుకున్నాను. ఉంది.